సాక్ష్యం చెప్పిన తర్వాత

"బయటికి రా! లోపట కూసుంటే అయిపాయెనా? నా మొగని పేరు చర్చిల మైకుల చెప్పిచ్చినవు గదా, గిప్పుడు నా మొఖం చూసి చెప్పు!"

అనసూర్య వాకిట్లో నిలబడి అరుస్తోంది. పుట్టింటి నుంచి ఆ పొద్దున్నే బస్సు దిగింది. సంచి ఇంకా చేతిలోనే ఉంది. చెన్నూరు బస్టాండు నుంచి ఇల్లు చేరేలోపే ఎవరో పుణ్యాత్ములు ఆమె చెవిన వేశారు.

రోజారాణి ఒళ్ళో చాట ఉంది. సగం చుట్టిన బీడీ వేళ్ళ మధ్య అలాగే ఆగిపోయింది. లేవాలనిపించలేదు. ఆదివారం నుంచీ ఇదే తంతు. నల్లా దగ్గర ఒకరు, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరసలో ఇద్దరు ముగ్గురు, ఆఖరికి కూరగాయలమ్మే ఆమె కూడా. అందరూ జాలిగానే అడిగారు, "నిజమేనానే రోజా?" అని. తిడితే తిరిగి తిట్టొచ్చు. జాలిపడే వాళ్ళను ఏం చేస్తాం?

చాట పక్కన పెట్టి బయటికొచ్చింది.

"లోపటికి రా అక్కా. ఎండల నిలబడి ఎందుకు?"

"నీ ఇంట్లకు నేను రాను. ఒక్కటే అడుగుత. నా మొగని ఆటో ఎక్కినవా లేదా?"

"ఎక్కిన. ప్రార్థనకు పోయెటోళ్ళం అందరం ఎక్కినం. నీ చిన్నబిడ్డ నా ఒళ్ళెనే కూసునేది, యాదికి లేదా?"

"మరి మీ అత్త గట్లెందుకు చెప్పింది?"

"అబద్ధమాడిన అని చెప్పింది అక్కా. నా కోడలు మంచిది, హనుమండ్లు మంచోడు, నేనే బద్నాం చేసిన అని చెప్పింది."

"అబద్ధమని చెప్పెతందుకు మైకెందుకే?" అనసూర్య సంచి కింద పెట్టింది. "ఊళ్ళె ఎవ్వలకు తెల్వని ముచ్చట! నాకే తెల్వదు! గిప్పుడు గల్లి గల్లికి తెలిసె. అబద్ధమన్న మాట ఎవ్వలు యాదికి పెట్టుకుంటరు? ఆటో హనుమండ్లు, బీడీల రోజారాణి, గీ రెండు పేర్లే యాదికుంటయి. ఆయన ఆదివారం సంది సరిగ అన్నం తింటలేడట. ఆటో బయటికి తీస్తలేడు."

అనసూర్య చెప్పినదాంట్లో ఒక్క మాటా తప్పు లేదు.

అరిచి అరిచి అలసిపోయిందేమో, అనసూర్య సంచి భుజానికి తగిలించుకుంది. "నీ మీద నాకు కోపం లేదే రోజా. కానీ గీ కోపం ఎవ్వలి మీద పెట్టాలె, నువ్వే చెప్పు," అని వెళ్ళిపోయింది.

లోపలి గదిలో అత్త శంకరవ్వ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. అంతా వినే ఉంటుంది. చెవుడున్నా అనసూర్య గొంతు గోడలు దాటే గొంతు.

అత్త చేసిన పనిని ఎవరితోనైనా చెబితే నవ్వుతారో ఏడుస్తారో తెలియదు. గోదావరిలో బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళు దానికి ముందటి ఆదివారం సంఘం ఎదుట నిలబడి తమ సాక్ష్యం చెప్పాలి. అది ఆ చర్చి పద్ధతి. చెప్పేవాళ్ళు మామూలుగా పైపైన చెబుతారు. కోపం ఎక్కువుండేదనీ, సినిమాల పిచ్చి ఉండేదనీ, పొరుగువాళ్ళను చూసి ఓర్వలేదనీ. శంకరవ్వ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. మొదటిసారి మైకు పట్టుకుంది. పట్టుకున్నాక వదల్లేదు.

"నా కోడలు ఆటో హనుమండ్లతోని తిరుగుతుందని నా కొడుకుకు ఫోన్ల చెప్పిన. అంత అబద్ధం. మా సాలోళ్ళ కులం పిల్ల కాదు, మా దేవుండ్లను మొక్కే పిల్ల కాదు, నా కొడుకును ఎగరేసుకపోయిందని కడుపు మండి చెప్పిన. ఏసయ్యా, నన్ను మాఫ్ చెయ్యి," అని పేర్లతో సహా చెప్పి వలవలా ఏడ్చింది. జనమంతా ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళు లేచి ఆమెను కౌగిలించుకున్నారు.

రోజారాణి చేతిలో ఉన్న కూతురు నవ్యశ్రీ చెయ్యి మెల్లగా జారిపోయింది. ఆ ఒక్కటే ఆమెకు గుర్తుంది.

*

నవ్యశ్రీ సోమవారం నుంచి కాలేజీకి పోవడం లేదు. ఇంటర్ రెండో సంవత్సరం. కడుపునొప్పి అని మొదటిరోజు చెప్పింది, తర్వాత అది కూడా చెప్పడం మానేసింది. ఇప్పుడు వంటింటి గడప మీద కూర్చుని తల్లి వైపే చూస్తోంది.

"ఇన్ని దినాలు బాపు నీతోని ఎందుకు మాట్లాడుతలేడు అంటే, డ్యూటీ ఎక్కువ, టైం దొరుకుతలేదు అని చెప్పినవు."

"చెప్పిన."

"నేను ఏడో తరగతిల ఉన్నప్పటి సంది డ్యూటీయేనా అమ్మా?"

రోజారాణి ఆకు కత్తిరిస్తూ తల వంచుకుంది. "నీకేం చెప్పాలె నవ్యా? మీ బాపు నన్ను గట్ల అనుకుంటుండు అని నా నోటితోనే చెప్పాల్నా?"

"నువ్వు బాపుకు చెప్పలేదా, గది అబద్ధమని?"

"చెప్పిన. ఒక్కసారి చెప్పిన."

"ఏమన్నడు?"

"మా అవ్వ అబద్ధమాడుతదా, అన్నడు."

నవ్యశ్రీ కళ్ళు తుడుచుకుంది. రోజారాణి ఆకులో తంబాకు నింపి చుట్టింది, దారం కట్టింది, ఇంకోటి అందుకుంది. ఏడుపు రాలేదు. ఆ ఏడుపంతా ఎప్పుడో అయిపోయింది. మస్కట్‌లో ఉన్న మనిషి మీద కోపం కూడా ఎప్పుడూ నిలవలేదు. తల్లి మాట నమ్మిన కొడుకుని ఏం తప్పుపడతాం? మోసపోయాడు పాపం అనుకుంది. ఆ పాపం అనుకోవడమే ఆమెను ఇన్నాళ్ళూ నిలబెట్టింది. ఎప్పటికైనా నిజం తెలిస్తే వస్తాడు.

శంకరవ్వ లేచి వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. కోడలి చాట పక్కన చెంబు పెట్టి, గోడకానుకొని కూర్చుంది.

ఆదివారం నుంచి ఇది కూడా రోజూ జరుగుతోంది. ఆ చర్చిలో పోట్లాడుకున్నవాళ్ళు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి రాకముందు, శనివారం సాయంత్రం సిద్ధపాటు కూటంలో ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగాలి. తప్పు చేసినవాళ్ళు నీళ్ళిస్తారు, నొచ్చుకున్నవాళ్ళు తాగుతారు. తాగితే అయిపోయినట్టే. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. శంకరవ్వ శనివారం దాకా ఆగలేక ఇంట్లోనే మొదలుపెట్టింది. రోజారాణి రోజూ సాయంత్రం ఆ చెంబు నీళ్ళను తీసుకెళ్ళి కరివేపాకు చెట్టుకు పోస్తోంది.

ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. కిందటి వానాకాలం అత్తకు జ్వరం ముదిరి మంచాన పడితే, మాట్లాడని ఈ కోడలే ఎత్తింది, కడిగింది, గంజి తాగించింది. మాట మాత్రం ఆడలేదు. ఆ జ్వరంలోనే శంకరవ్వ మొదటిసారి, "నీ దేవుడు ఎసోంటోడే?" అని అడిగింది. రోజారాణి జవాబు చెప్పలేదు. చెప్పిందంతా పాస్టరమ్మే.

*

పది దాటాక పాస్టర్ ఓంప్రకాశ్ వచ్చాడు. స్కూటీ బయట ఆపి, చెప్పులు విడిచి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకున్నాడు. మంచి మనిషే. ఆ పూట మాత్రం ఆయన ముఖం కూడా వాడిపోయి ఉంది. హనుమండ్ల ఇంటి నుంచే వస్తున్నాడట.

"అనసూర్యమ్మ నన్ను మస్తు తిట్టింది. తిట్టనీయి, పడవలసిందే," అన్నాడు. "శంకరవ్వ పేర్లు చెప్తున్నప్పుడే నేను మైకు తీసుకోవాలె. ఒప్పుకుంటుందని సంబురపడి ఊకున్న. నాది కూడా తప్పే, రోజమ్మా."

రోజారాణి తలూపింది. కనీసం ఈయన ఒక్కడు తన తప్పేదో తనే చెప్పుకున్నాడు.

"రేపు సిద్ధపాటు. ఎల్లుండి గోదారి. నువ్వు నీళ్ళు తాగకుంటే నేను ఆమెకు బాప్తిస్మం ఇయ్యలేను. మన సంఘం రివాజు నీకు ఎరుకే."

"ఆమె బాప్తిస్మం నా గొంతుల ఉన్నదా అయ్యగారూ?"

"గట్ల కాదమ్మా."

"మరెట్ల? దేవుడు మాఫ్ చేయాలంటే ఏం కావాలె? నేను పుట్టుక క్రైస్తవురాలినే, మా అవ్వ చిన్నప్పుడే నేర్పిచ్చింది. అయినా మీ నోటితోని చెప్పుర్రి."

"మారుమనస్సు కావాలె. తప్పును తప్పని ఒప్పుకోవాలె, దాన్ని విడిచి ఇటు తిరగాలె, యేసయ్య మీద భారం వెయ్యాలె. అంతే. మనం ఏదో చేసి సంపాయించేది కాదు, ఆయన ఉత్తగనే ఇస్తడు. శంకరవ్వ ఒప్పుకున్నది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, నేను చూసిన."

"దొంగ ఏడుపని నేను అన్ననా? ఆమె ఏడ్చింది, ఆమెకు పాణం తేలికైంది. బరువు తెచ్చి నా నెత్తిన పెట్టింది. నా బిడ్డ కాలేజీకి పోతలేదు. అనసూర్యక్క ఇంట్ల పొయ్యి సరిగ అంటుకుంటలేదు. ఇగ మీరందరు నా దిక్కే వస్తుండ్రు, నీళ్ళు తాగు నీళ్ళు తాగు అని. తప్పు చేసినామె దిక్కు ఎవ్వలు పోతలేరు."

"నీ సంగతి కూడా ఉన్నది గదా తల్లీ." ఆయన గొంతు తగ్గించాడు. "మనం తోటి మనిషిని క్షమించకుంటే తండ్రి మనల్ని క్షమించడని ప్రభువే చెప్పిండు. ప్రభువు నేర్పిన ప్రార్థనల 'మేము క్షమించినట్టు' అన్న మాట వచ్చేసరికి నువ్వు నోరు మూస్తవట. మా ఇంటామె ఎప్పటి సందో చూస్తుంది."

రోజారాణి ఉలిక్కిపడింది. ఎవరూ గమనించలేదనుకుంది ఇన్నాళ్ళూ. అందరి గొంతుల మధ్య ఒక్క గొంతు ఆగితే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

"నోరు మూయకుంటే అబద్ధమాడినట్టయితది అయ్యగారూ," అంది చివరికి. "ఇంట్ల ఒక్కరు ఆడిన అబద్ధం చాలదా?"

ఆమె అక్కడితో ఆగలేదు.

"ఒక్క మాట అడుగుత. విడిచి తిరుగుడు అంటిరి గదా. ఆమె అబద్ధం ఎవలికి చెప్పింది? తన కొడుకుకు చెప్పింది. నిజం ఎవలికి చెప్పింది? చర్చిల కూసున్న జనానికి. వాళ్ళకు ఎందుకు? వాళ్ళు అడిగిండ్రా? ఎవనికి చెప్పాలెనో వానికి చెప్పలే."

"సదానందానికి ఇంకా చెప్పలేదా?" ఓంప్రకాశ్ శంకరవ్వ వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "అవ్వా! కొడుకుకు చెప్పలేదా?"

శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "దేవునికి చెప్పిన అయ్యగారూ. సంఘం ముందట చెప్పిన. గా ఒక్కటి అడగకుర్రి. వానికి చెప్తే నన్ను అవ్వా అని పిలుస్తడా? నాకున్నది వాడొక్కడే. నాకు దేవుని భయం లేదు, ఆయన మాఫ్ చేస్తడు. వాడు చెయ్యడు."

నవ్యశ్రీ గడప మీది నుంచే, "చేస్తడో చెయ్యడో చెప్పినంక గదా నాయినమ్మా తెలిసేది," అంది.

ఓంప్రకాశ్ లేచాడు. ఈ ఇంట్లో ఇంక తను చెప్పాల్సిందేమీ లేదని ఆయనకు అర్థమైంది. "ఇయ్యాల శుక్రవారం. సదానందం ఫోన్ చేస్తడు గదా. ఆలోచించుకో అవ్వా," అని, గడప దాటుతూ రోజారాణి వైపు చూశాడు. "ఆమె చెప్తే తాగుతవా?"

"చెప్పనీయుర్రి. తాగుత. ఒట్టు."

*

అత్త ఫోన్ మోగేసరికి మధ్యాహ్నం దాటింది. మస్కట్‌లో శుక్రవారం సెలవు, వంట చేసుకొని తిన్నాక సదానందం తల్లికి ఫోన్ చేస్తాడు. ముందు తల్లితో, తర్వాత కూతురితో. పెళ్ళాంతో లేదు. ఈ వరస కూడా అలవాటైపోయి, రోజారాణి ఆ వేళకు చాట తీసుకొని వెనకవైపు అరుగు మీదికి పోతుంది. ఇవాళ పోలేదు.

శంకరవ్వకు వినపడదు కాబట్టి ఎప్పుడూ స్పీకరే. ఫోన్‌ను చాట పక్కన, నీళ్ళ చెంబు పక్కన పెట్టింది.

"అవ్వా, తిన్నవా?"

"తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా?"

"తిన్న. చేపలు వండినం. గోలీలు ఏసుకుంటున్నవా? బాప్తిస్మం అంటివి, ఎల్లుండేనా? నీళ్ళల్ల ఎక్కువసేపు ఉండకు, సర్ది పడుతది."

తల్లి నీళ్ళలో మునిగితే జలుబు చేస్తుందని అక్కడి నుంచి ఫికరు. ఇట్లాంటి మాట తనతో అని ఎన్నాళ్ళయింది?

శంకరవ్వ వానల గురించి చెప్పింది. పక్కింటి గేదె ఈనిన ముచ్చట చెప్పింది. నల్లా నీళ్ళు ఎర్రగా వస్తున్నాయని చెప్పింది. ఒక్కో ముచ్చటకీ మధ్య కోడలి ముఖం వైపు చూసి చూపు తిప్పుకుంటోంది.

"ఇంకేంది ముచ్చట?" అన్నాడు సదానందం.

"ఏం లేదు బిడ్డా."

రోజారాణి చాట ఎత్తుకొని లేచింది. కోపం కాదు. అలసట. ఇంతే ఈ ఇల్లు, ఇంతే ఈ మనుషులు. రేపు చర్చికి పోనే పోను, ఎవరేమనుకుంటే అనుకోనీ అనుకుంది.

"ఆగు బిడ్డా!" అంది శంకరవ్వ. ఆ మాట కొడుకుతో అన్నదో కోడలితో అన్నదో, ఇద్దరూ ఆగారు. "ఫోన్ పెట్టకు. సదానందం, నేను నీకు అబద్ధం చెప్పిన బిడ్డా. రోజా గురించి, హనుమండ్ల గురించి. నేను ఏం చూడలే. ఎవ్వలు ఏం చెప్పలే. నేనే కల్పిచ్చి చెప్పిన. నా కోడలు బంగారం. నేను మంచాన పడితే చేతులతోని ఎత్తింది. నన్ను కొట్టు, తిట్టు, అవ్వా అని పిలువకు, కానీ దాన్ని ఏమనకు."

అటునుంచి ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపిస్తోంది.

రోజారాణి చాట దించి మళ్ళీ కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన మాట ఇవాళ అత్త నోటి నుంచి ఊడిపడింది. ఇప్పుడు అంటాడు. అయ్యో రోజా, అంటాడు. ఎంత పని చేసినవవ్వా, అని తల్లి మీద అరుస్తాడు. అరవనీ. ఒక్కసారి అరవనీ.

"నాకు ఎరుకే అవ్వా," అన్నాడు సదానందం.

శంకరవ్వకు వినపడలేదేమో అనుకొని గట్టిగా మళ్ళీ అన్నాడు. "నాకు ఎరుకే అంటున్న! నేను అడిగితే హనుమండ్లన్న ఆ వారంల్నే ఫోన్ చేసిండు. పిల్లల మీద ఒట్టు పెట్టి ఏడ్చిండు. నాకు అప్పుడే సమజైంది."

"ఎరుకైతే… మరి ఎందుకు రాలేదురా?" శంకరవ్వ ఫోన్ మీదికి వంగింది. "దానితోని ఎందుకు మాట్లాడలేదురా?"

"వస్తే నిన్ను అబద్ధాలదానివి అనాలె. నీతోని లొల్లి పెట్టుకోవాలె. నాతోని కాలే. రోజా అయితే ఓర్సుకుంటదిలే అనుకున్న. ఓర్సుకున్నది గదా. యాడాది పోయినంక మాట్లాడుదామంటే మొఖం చెల్లలే. గట్లనే అయిపాయె." ఒక నిట్టూర్పు. "గిప్పుడు గదంత తవ్వకు. నువ్వు పరేషాన్ కాకు. నాకు ఎరుకే అన్న ముచ్చట మాత్రం రోజాకు చెప్పకవ్వా."

మోసపోయాడు పాపం, అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ పాపం ఒక్క క్షణంలో కరిగిపోయింది. ప్రతి శుక్రవారం వెనక అరుగు మీద కూర్చొని తను వినని ఆ ఫోన్లన్నీ గుర్తొచ్చాయి. అన్నీ తెలిసిన మనిషి, అన్నం తిన్నవా అని తల్లిని అడిగి, చదువుతున్నవా అని బిడ్డను అడిగి, పెట్టేశాడు. అబద్ధమాడినామె కనీసం కడుపు మండి ఆడింది. ఈయన కడుపునిండా తిని, తెలిసి ఊరుకున్నాడు.

శంకరవ్వ కోడలిని చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"రోజా ఈడనే ఉన్నది బిడ్డా," అంది. "ఇంటున్నది. నేను ఇంక నీ కోసం కూడా అబద్ధమాడ."

ఫోన్‌లో ఎవరో దగ్గినట్టు శబ్దం. ఆ తర్వాత, "రోజా," అన్న పిలుపు. నవ్యశ్రీ గడప మీద లేచి నిలబడింది.

రోజారాణి చెయ్యి చాపి ఇత్తడి చెంబు అందుకుంది. ఎత్తి తాగింది. సగం మీద పోసుకుంటూ, ఊపిరి తీసుకోకుండా తాగి, ఖాళీ చెంబు అత్త ఒళ్ళో పెట్టింది. శంకరవ్వ ఆ చెంబును రెండు చేతులతో పట్టుకొని కొంగులో ముఖం దాచుకుంది.

"రోజా, ఇంటున్నవా? నన్ను మాఫ్ చెయ్యవా?"

రోజారాణి కొంగుతో మూతి తుడుచుకొని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఏం చేసినవని మాఫ్ చెయ్యాలె?" అంది నెమ్మదిగా. "మీ అవ్వకు చెప్పినవు, నాకు చెప్పలే. నీ నోటితోని మొదటి సంది చెప్పు. నీ బిడ్డ కూడా ఇంటున్నది."

అటువైపు ఫ్యాను తిరుగుతూనే ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు ఫోన్ వైపే చూస్తున్నారు. అతను ఇంకా నోరు తెరవలేదు.